మొదటి రికార్డుకు ఎనిమిది పాటలు అక్కరలేదు, మూడు చాలు

తమ్ముడూ, మీ ప్రశ్నను రెండుసార్లు చదివిన తరువాతే ఈ జవాబు రాస్తున్నాను. నల్లగొండలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే మీరు ముగ్గురు, పదో తరగతి చదివే పాటగత్తె చెల్లె ఒకరు కలిసి పానగల్లు దారిలో ఒక రేకుల షెడ్డులో ఏడాదిగా సాధన చేస్తున్నారని, ఎనిమిది తెలుగు రాక్ పాటలు సిద్ధంగా ఉన్నాయని, వాటిలో ఒకటి ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటకు మీరు కట్టిన రాక్ రూపమని రాశారు. హైదరాబాదులో ఒక స్టూడియో పాటకు పదిహేను వేలు అడిగిందని, ఒక మ్యూజిక్ కంపెనీ మాత్రం ఖర్చంతా తామే పెట్టుకుంటామంటూ సంతకం కోసం ఒప్పందం పంపిందని, ఈ రెండు దారుల్లో ఏది మంచిదని అడిగారు. ఈ జిల్లాలో ఇరవై ఏళ్ళకు పైగా రికార్డింగ్ గది నడిపి, భజనలు, జానపదాలు, ఎన్నికల పాటలు, ఈ మధ్య మీలాంటి పిల్లల రాక్ పాటలు కూడా పట్టినవాడిగా చెబుతున్నాను: రెండు దారులూ ఇప్పుడు వద్దు. మూడు పాటలు ఎంచుకోండి, మీ షెడ్డులోనే నలుగురూ కలిసి వాయిస్తూ పట్టండి, విడివిడిగా పట్టిన శబ్దాలను కలిపి సరిచేసే మిక్సింగ్ ఒక్కటి బయట చేయించండి. కంపెనీ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ నలుగురి మధ్య ఉండవలసిన కాగితం మాత్రం ముందే రాసుకోండి.

ఎనిమిదిలో మూడే ఎందుకని మీకు కోపం రావచ్చు. ఏడాది వయసున్న బృందానికి ఎనిమిది పాటలూ ఒకే పాకంలో ఉండవు. ఏ మూడు పాకానికి వచ్చాయో తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ఫోనును షెడ్డు మధ్యలో పెట్టి ఎనిమిది పాటలనూ ఆపకుండా ఒక్కొక్కసారి వాయించండి, వారం రోజులు దాన్ని ముట్టుకోకండి, ఆ తరువాత విని, ఎవరూ ఎవరికీ సాకు చెప్పుకోనక్కరలేని పాటలను విడిగా రాసుకోండి. నా అనుభవంలో అవి మూడు కన్నా ఎక్కువ తేలిన సందర్భం లేదు. బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్‌లోని పది పాటలను 1963 ఫిబ్రవరి 11న లండన్‌లో ఒక్క రోజులో రికార్డు చేశారు. అప్పటికి జార్జ్ హారిసన్‌కు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ పట్టణం నుంచి వచ్చిన సిల్వర్‌చెయిర్ అనే ముగ్గురు పిల్లల బృందం పదిహేనేళ్ళ వయసులో తమ మొదటి ఆల్బమ్‌ను తొమ్మిది రోజుల్లో పూర్తిచేసింది, అది 1995లో విడుదలైంది. ఆ వేగం స్టూడియోది కాదు, స్టూడియోకు ముందు జనం ఎదుట వాయించిన రోజులది. మీ పాటల్లో కాలేజీ వార్షికోత్సవంలోనో, గణేశ్ మండపం దగ్గరో పదిమంది ముందు వాయించినవి ఏవో వాటికే మొదటి చోటు ఇవ్వండి.

సాహిత్యం గురించి మీరు ఏమీ అడగలేదు గాని, మీరు పంపిన రెండు పాటల్లోనూ నాకు కనబడిన అసలు లోపం అక్కడే ఉంది. రాక్ దరువులో స్నేర్ (టక్కుమని మోగే చిన్న డ్రమ్ము) దెబ్బ నాలుగు మాత్రల్లో రెండోదాని మీద, నాలుగోదాని మీద పడుతుంది. ఇంగ్లీషులో హల్లుతో టక్కున ఆగిపోయే ఏకాక్షర పదాలు దండిగా ఉంటాయి గనుక అవి ఆ దెబ్బ మీద సూటిగా కూర్చుంటాయి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనుక దెబ్బ పడిన తరువాత కూడా మాట చివర కొంచెం జారుతూనే ఉంటుంది. ఆ జారుడును దాచడానికి మీ చెల్లె చివరి అచ్చును మింగేస్తోంది, అది వినేవారికి తెలుగు రానివారి ఉచ్చారణలా తోస్తోంది. ఇంతకన్నా పెద్ద చిక్కు హ్రస్వ దీర్ఘాలది. తెలుగులో లఘువును దెబ్బ మీద సాగదీస్తే అర్థమే మారిపోతుంది. మీ రెండో పాట పల్లవిలో ‘మన’ అన్న మాట మొదటి అక్షరం రెండు మాత్రలు సాగి ‘మాన’గా వినబడుతోంది, ‘కల’ కాస్తా ‘కాల’ అయింది. బాణీ ముందు కట్టి మాటలు తరువాత పొదిగినప్పుడు ఇలా జరగడం మామూలే.

దీనికి మందు మీ ఇంటి భాషలోనే ఉంది. పుస్తకాల భాషలో ‘వస్తాను’ మూడక్షరాలు, మన దగ్గర ‘వస్త’ రెండే. ‘పోతున్నాను’ అనేదాన్ని మనం ‘పోతున్న’ అంటాం. క్రియ చివర దీర్ఘం తెగిపోవడం వల్ల, ఒత్తక్షరం ముందున్న అక్షరం బరువుగా పడటం వల్ల ఈ మాటలు రాక్ దెబ్బకు చక్కగా ఒదుగుతాయి. గుట్ట, మబ్బు, పొద్దు, తొవ్వ వంటి ద్విత్వాలున్న మాటలను దెబ్బ మీదకు తెచ్చి, లఘువులు రెండుగా నడిచే మాటలను దెబ్బల నడుమ జాగాల్లోకి నెట్టి ఒకసారి పాడి చూడండి. మీరు మాట్లాడేది ఒక తెలుగు, పాడేది సినిమా తెలుగు అయినందువల్ల వచ్చిన బిగువు కూడా దానితోపాటే సడలుతుంది. చరణానికి ఒక్క పంక్తి మార్చినా తేడా మీకే తెలుస్తుంది.

ఆ తరువాతి పని క్లిక్‌తో, అంటే చెవిలో ఒకే వేగంతో టక్ టక్ మని తాళం వినిపించే శబ్దంతో సాధన. మీ ఫోను రికార్డింగులో మొదటి పాట నిమిషానికి 132 దెబ్బల దగ్గర మొదలై, చివరి పల్లవికి 144కు చేరింది. ఉత్సాహంలో కొంచెం పరుగెత్తడం రాక్‌కు తప్పు కాదు గాని, ఇంత పరుగులో బేస్ గిటారు వాయించే అబ్బాయి వెనకబడి ఎగశ్వాస పెడుతున్నాడు. మూడు వారాలు క్లిక్‌తో సాధన చేసి, రికార్డింగ్ నాడు అది డ్రమ్మర్ చెవిలో ఒక్కడికే వినబడేలా పెట్టుకోండి.

ఇక మీ షెడ్డు సంగతి. రేకుల కప్పు, సిమెంటు గోడలు ఉన్న చోట డ్రమ్స్‌లోని సింబల్ అనే ఇత్తడి పళ్ళెం మోగితే అది గోడ నుంచి గోడకు తిరిగి మైకులన్నిటిలోనూ గాజుముక్కల్లా పడుతుంది. దీనికోసం ఖరీదైన ఫోము కొనవద్దు. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కురుమలు నేసే గొంగడి మందమైన ఉన్ని గనుక పై శబ్దాలను, మధ్య శబ్దాలను బాగా పీల్చుకుంటుంది. పాత గొంగళ్ళు ఆరేడు సంపాదించి గోడకు అంటించకుండా జానెడు దూరంలో తాడు మీద వేలాడదీస్తే, ఆ ఖాళీ వల్ల ఇంకొంచెం కింది శబ్దాలు కూడా లొంగుతాయి. డ్రమ్స్ వెనుక ఒక గోడకు, పైన రేకుల కింద అడ్డంగా కట్టడం ముఖ్యం, పాడే చోట వెనుక మరొకటి. అన్నిటికన్నా కిందిదైన బేస్ శబ్దం మాత్రం వీటికి లొంగదు. మూలల్లో దూది పరుపులు నిలబెట్టి, బేస్ గిటారును ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) నుంచి గాక నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి (శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టెలోకి) పట్టండి. ఫంక్షన్ హాలు దొరికితే అక్కడ రికార్డు చేయాలన్న ఆలోచన మానుకోండి. అక్కడి మారుమోత ఒకసారి పాటలో కలిస్తే మిక్సింగ్‌లో ఎవరూ తీయలేరు.

డ్రమ్స్‌కు నాలుగు మైకులు చాలు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) దగ్గర ఒకటి, స్నేర్ దగ్గర ఒకటి, పైన రెండు. పై రెండు మైకులూ స్నేర్ మధ్యభాగం నుంచి సమాన దూరంలో ఉండాలి, దారంతో కొలిచి పెట్టండి. శబ్దం ఒక మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది గనుక ఒక మైకు జానెడు దూరం జరిగినా స్నేర్ దెబ్బ రెండు మైకులకూ వేరువేరు క్షణాల్లో చేరి, రెండింటినీ కలిపినప్పుడు పలచబడుతుంది. పిల్లల రికార్డింగుల్లో స్నేర్ అగ్గిపెట్టెను కొట్టినట్టు వినబడటానికి చాలాసార్లు కారణం ఇదే, తక్కువ ధర మైకు కాదు. 24 బిట్‌లో రికార్డు చేస్తూ పెద్ద దెబ్బ కూడా రికార్డింగ్ మీటరులో మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా ఉంచితే, ఉత్సాహంలో గట్టిగా కొట్టినా శబ్దం చితకదు. ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ కొనవద్దు, మూడు రోజులకు అద్దెకు తెచ్చుకోండి.

గిటారులో మీరు రాసిన ఆ ‘గుంయ్’ శబ్దం 50 హెర్ట్జ్ కరెంటుది. ఆంప్‌ను, ల్యాప్‌టాప్‌ను, ఇంటర్‌ఫేస్‌ను మూడు వేర్వేరు సాకెట్ల నుంచి గాక, ఎర్త్ సరిగా ఉన్న ఒకే బోర్డు నుంచి నడపండి. ట్యూబ్‌లైటు, ఫ్యాను రెగ్యులేటరు, పక్క పొలం మోటారు ఆపి చూడండి. ఎర్త్ పిన్ను పీకేసి శబ్దం తగ్గించే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. గిటారు తీగలు, మైకు ఇనుప జాలీ రెండూ ఒంటికి తగిలే పని ఇది, ప్రాణం మీదకు వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కింద తీగలు గంటకోసారి శ్రుతి తప్పుతాయి గనుక తెల్లవారుజామున ఐదింటి నుంచి తొమ్మిదింటి వరకు పని పెట్టుకుంటే మంచిది, ఆ వేళ రోడ్డు మీద లారీల హోరు కూడా తక్కువ. నలుగురూ కలిసి ఒక్కో పాటను ఐదారు టేకులు వాయించి, వాటిలో డ్రమ్స్, బేస్ నిలకడగా ఉన్నదాన్ని ఉంచుకొని, గొంతు మాత్రం తరువాత విడిగా పట్టండి. అరిచి పాడే పాటను ఆ పూటకు చివర పెట్టండి. జలుబుతో ఉన్న బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ చేత, పైన చెప్పిన 1963 నాటి రికార్డింగ్‌లో ‘ట్విస్ట్ అండ్ షౌట్’ అనే గొంతు చించే పాటను రోజు చివరన పాడించింది ఇందుకే.

పనిలో పనిగా ఒక మాట. రేకుల షెడ్డులో రాక్ డ్రమ్స్ వంద డెసిబెల్స్ సులువుగా దాటుతాయి. 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి, ప్రతి మూడు డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ గడువు సగం అవుతుంది, అంటే వంద దగ్గర పావుగంట. మందుల దుకాణంలో దొరికే చెవి ప్లగ్గులు నలుగురూ పెట్టుకోండి. నా కుడి చెవిలో పదేళ్ళుగా సన్నని కూత ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక కంపెనీ కాగితం. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మా కళాబృందం పాటలను ఒక క్యాసెట్ల కంపెనీ రికార్డు చేయించి, స్టూడియో అద్దె, భోజనం, బస్సు చార్జీలు తామే ఇచ్చి, చివరన ఒక కాగితం మీద సంతకాలు తీసుకుంది. అందులో ఏముందో మేము చదవలేదు. ఆ పాటలు సీడీలయ్యాయి, తరువాత ఇంటర్నెట్‌లోకి వచ్చాయి, మాకు ఒక్క రూపాయి రాలేదు, మా పేర్లు కూడా పడలేదు. తరువాత చట్టం చదువుకున్నాక తెలిసిన సంగతి ఏమిటంటే, మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు కర్త అంటే దాన్ని తయారుచేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న నిర్మాత, వాయించినవాడు కాదు. ఖర్చు పెట్టి, ఏర్పాట్లు చేసి రికార్డు చేయించినవారే నిర్మాతలమని చెప్పుకోవడానికి వీలు అక్కడే దొరుకుతుంది. ‘ఖర్చంతా మాదే’ అన్న మాట వెనుక ఉన్న బేరం అదే. పాటకు మూడు వేర్వేరు హక్కులు ఉంటాయి: సాహిత్యానిది రాసినవారికి, బాణీది కట్టినవారికి, రికార్డింగ్‌ది నిర్మాతకు. మొదటి రెండూ కర్త మరణించాక 60 ఏళ్ళ వరకు, మూడోది ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్ళ వరకు ఉంటాయి. వాయించినవారికి, పాడినవారికి ప్రదర్శకుల హక్కు వేరుగా 50 ఏళ్ళు ఉంటుంది. మీ షెడ్డులో మీ డబ్బుతో పట్టుకుంటే మూడూ మీ నలుగురి దగ్గరే ఉంటాయి.

మీరు పంపిన ఒప్పందంలో ‘ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇకపై కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లోనూ’ అని ఉంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో గడువు రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. అందుకే వారు రెండూ విడమరిచి రాశారు. 2012 సవరణ తరువాత, ఎంత రాసుకున్నా, సాహిత్యకారుడికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదు. ఇంకొకటి, మీలో ఎవరికీ పద్దెనిమిది నిండలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని అప్పటి మన పై కోర్టు ప్రివీ కౌన్సిల్ 1903లోనే తీర్పు చెప్పింది. అందుకే వారు మీ సంతకంతోపాటు నాన్నగారి సంతకం కూడా అడుగుతారు, నాన్నగారు మీ సంతోషం చూసి పెట్టేస్తారు. ఈ పేరాను ఆయనకు చదివి వినిపించండి.

‘పల్లెటూరి పిల్లగాడా’ గురించి. దాన్ని మీరు జానపదమని రాశారు. కాదు. అది తెలంగాణ సాయుధ పోరాట కాలపు కవి, మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకే చెందిన సుద్దాల హనుమంతు రచన. ఊరూరా పాడుకోవడం వల్ల జానపదమైపోయినట్టు కనబడుతుంది గాని, ఆయన మరణించింది 1982లో, అంటే ఆ సాహిత్యం మీద హక్కు 2042 చివరి వరకు ఉంటుంది. ఒకరి పాటను మరొకరు మళ్ళీ పాడి రికార్డు చేసే కవర్ పాటలకు చట్టంలో ఒక దారి ఉన్నప్పటికీ, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం యాభై వేల ప్రతులకు లెక్కగట్టి రాయల్టీ చెల్లించాలి, పాటను ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. మీ రాక్ రూపంలో రెండు చరణాలు తీసేసి ఒకటి కొత్తగా కలిపారు. కాబట్టి హక్కుదారులను కలిసి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకునే వరకు ఆ పాటను వేదిక మీదే ఉంచి, రికార్డులో పెట్టకండి. అది మీ పాటలన్నిటిలోకీ బాగున్నదని నాకూ తెలుసు. మన ప్రాంతపు రుచి కావాలంటే నిజంగా కర్త తెలియని పాత బాణీలు ఉన్నాయి. పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడే వీరగాథల నడకను డ్రమ్స్ మీదకు తెచ్చుకోవచ్చు. కాని 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య పాడిన వీడియో నుంచి ముక్క కోసి అతికించకూడదు. బాణీ అందరిదైనా ఆ రికార్డింగ్ అందరిదీ కాదు. ఎవరి దగ్గరైనా కూర్చొని నేర్చుకుంటే వారి పేరు పాట వివరాల్లో రాసి, వాయించినందుకు డబ్బు ఇవ్వండి.

మీ నలుగురి మధ్య కాగితం ఒక పేజీ చాలు. ప్రతి పాటకూ మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, వాటాలు ఎంతెంత, రికార్డింగ్ హక్కు నలుగురికీ సమానమా, బృందం విడిపోతే పేరు ఎవరిది, డబ్బు ఏ ఖాతాలో పడుతుంది అన్నవి రాసి, నలుగురు తల్లిదండ్రుల చేత సంతకాలు చేయించండి. నా గదికి వచ్చిన పిల్లల బృందాల్లో రెండు విడిపోయింది ఇక్కడే. ఒకచోట గొడవంతా పదకొండు వందల రూపాయల మీద. రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటారు వరస) కట్టినవాడు బాణీ తనదంటాడు, దాని మీద రాగం పాడిన అమ్మాయి తనదంటుంది, ఇద్దరిదీ నిజమే. నా సలహా ఏమిటంటే, మొదటి రికార్డుకు బాణీని నలుగురి పేర్ల మీద సమానంగా వేసి, మాటలు మాత్రం రాసినవారి పేరు మీద ఉంచండి. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాహిత్యానికి, బాణీకి ఒక్కోదానికి 500 రూపాయలు, రికార్డింగ్‌కు 2,000 రూపాయల రుసుము.

విడుదలకు మీ నాన్నగారి పేరు మీద పాటలను స్పాటిఫై వంటి యాప్‌లకు చేర్చే ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఖాతా తెరిపించండి. ఏటా డబ్బు కట్టకపోతే పాటలు తీసేసే పద్ధతి వారికి ఉందేమో ముందే చూసుకోండి. ప్రతి రికార్డింగ్‌కూ దాన్ని గుర్తించే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (అక్షరాలు, అంకెలు కలిపి పన్నెండు) వస్తుంది, దాన్ని రాసి దాచుకుంటే రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా పాత లెక్కలు పోవు. స్పాటిఫై ఎడిటర్లకు పాటను చూపించాలంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పంపాలి, నేనైతే నెల ముందు అంటాను. డబ్బు మీద ఆశ మాత్రం పెట్టుకోకండి. అక్కడ పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కే వేయరు. మిక్సింగ్ చేసేవారిని పాట మోత పెంచమని వేధించకండి. స్పాటిఫై పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం మోతను కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది గనుక, నలిపి పెంచిన మోత అక్కడ తగ్గిపోయి నలుగుడు మాత్రం మిగులుతుంది. ఇంటర్ పరీక్షలు అయ్యాక ఏప్రిల్‌లో రికార్డింగ్, జూన్‌లో మిక్సింగ్, జూలైలో విడుదల పెట్టుకోండి. బతుకమ్మ, దసరా దగ్గర పడితే జానపద చానళ్ళ పాటల వరదలో మీ మూడు పాటలు ఎవరికీ కనబడవు.

చివరిగా బృందం పేరు తెలుగులో ఉంచాలా, ఇంగ్లీషు అక్షరాల్లోనా అని అడిగారు. రెండు లిపుల్లోనూ ఉంచవచ్చు గాని, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే స్పెల్లింగ్ ఎంచుకొని పోస్టరు, పాటల వివరాలు, యూట్యూబ్ చానల్ అన్నిచోట్లా అదే రాయండి. మీరు ఇప్పుడు మూడు రకాలుగా రాస్తున్నారు. మీరు పెట్టుకున్న పేరుతో వెతికితే నాకు మరో రెండు బృందాలు కనబడ్డాయి, ఇలాగే విడుదల చేస్తే మీ పాటలు వారి పేజీలోకి వెళ్ళి పడతాయి. పేరు పక్కన నల్లగొండ అని చేర్చుకోండి, లేదా గోడ మీద ఇంకా పేరు రాయించలేదంటున్నారు గనుక కొత్తదే పెట్టుకోండి.